రిపోర్టులో బాక్టీరియా పేరు సరిగా పడాలంటే: రెండు తెలుగు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల ఉన్నతాధికారులకు, ప్రభుత్వాసుపత్రుల ల్యాబులకు సరుకులు కొనే అధికారులకు నమస్కారం.

ఆసుపత్రుల మైక్రోబయాలజీ విభాగాల్లో బెంచీ దగ్గర పనిచేసే డాక్టర్లం, టెక్నీషియన్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. మేం అడిగేది ఒక్కటే. కోట్ల రూపాయల యంత్రానికి టెండరు పిలవడానికి ముందు, గొర్రె రక్తం, కుందేలు ప్లాస్మా, ఆక్సిడేజ్ రియేజెంటు, బాక్టీరియా రకాన్ని ఖరారు చేసే యాంటీసీరాలు, గుణం ముందే తెలిసిన ప్రామాణిక స్ట్రెయిన్లు (బాక్టీరియా రకాలు), చల్లదనం చెడకుండా వచ్చిన యాంటీబయాటిక్ డిస్కులు ఏడాది పొడవునా ఆగకుండా అందేలా చూడండి. ఇవి అయిపోయిన రోజు ల్యాబు మూతపడదు. నమూనాలోని బాక్టీరియాను పెంచే ప్లేట్లు పెడుతూనే ఉంటారు, రిపోర్టులు వెళ్తూనే ఉంటాయి. కానీ అందులోని పేర్లు నమ్మదగ్గవి కావు. పేరు తప్పితే సెన్సిటివిటీ, అంటే ఏ మందుకు లొంగుతుందన్నది కూడా తప్పుతుంది, ఎందుకంటే మందు డిస్కు చుట్టూ బాక్టీరియా పెరగని ఖాళీ వలయాన్ని, అంటే జోన్‌ను ఏ బాక్టీరియాకు ఆ బాక్టీరియా పట్టికలోనే చదవాలి.

2019లో మందులకు లొంగని బాక్టీరియా వల్ల నేరుగా 12.7 లక్షల మంది చనిపోయారని 2022లో లాన్సెట్ పత్రికలో అంచనా వేశారు. ఆ లెక్కలో మనలాంటి దేశాల వాటా పెద్దది, మన దగ్గరి నుంచి వెళ్లే సమాచారం మాత్రం చిన్నది. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ జిల్లా ఆసుపత్రులు చాలావరకు వైద్య కళాశాలలకు అనుబంధమయ్యాయి. మైక్రోబయాలజీ విభాగం, గదులు, పోస్టులు కాగితం మీదైనా ఉన్నాయి. వాటికి ప్రాణం పోయడానికి అయ్యే ఖర్చు కొత్త భవనం ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ.

పని మొదలయ్యేది ల్యాబులో కాదు, వార్డులో. టైఫాయిడ్ రోగి రక్తంలో మిల్లీలీటరుకు ఒక్క బాక్టీరియా కూడా ఉండకపోవచ్చు. అలాంటప్పుడు 2 మి.లీ. రక్తం తీసి పంపితే ఆ సీసాలో ఏమీ పెరగకపోవచ్చు, రిపోర్టులో 'గ్రోత్ లేదు' అని వస్తుంది, డాక్టరు కల్చర్ (బాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) మీదే నమ్మకం వదిలేస్తాడు. పెద్దవాళ్లకు సీసాకు 8 నుంచి 10 మి.లీ. చొప్పున, రెండు వేర్వేరు చోట్ల నుంచి, మొదటి యాంటీబయాటిక్ ఇవ్వకముందే తీయాలి. చర్మాన్ని 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, తర్వాత క్లోర్‌హెక్సిడిన్ గానీ పోవిడోన్ అయోడిన్ గానీ రాసి ఆరనివ్వాలి. ఆరకముందే సూది గుచ్చితే చర్మం మీది స్టాఫ్ (స్టెఫిలోకాకస్) బాక్టీరియా సీసాలోకి దిగుతుంది. రెండు సీసాల్లో ఒక్కదాంట్లోనే కోయాగులేజ్ నెగటివ్ స్టాఫ్ (ప్లాస్మాను గడ్డకట్టించని రకం) వస్తే అది చాలావరకు చర్మం నుంచి వచ్చినదే. ఒక్క సీసానే పంపితే ఆ తేడా చెప్పే వీలే లేదు. కలుషితమైన సీసాలు నూటికి మూడు దాటకూడదన్నది అందరూ ఒప్పుకున్న హద్దు. ప్రతి వార్డుకూ ఆ అంకె నెలనెలా వెళ్లాలి.

ఆటోమేటెడ్ యంత్రం లేని చోట చేత్తో చేసే బ్లడ్ కల్చర్ కూడా పనికొస్తుంది. పోషక ద్రవమైన 50 మి.లీ. బ్రాత్‌కు 5 నుంచి 10 మి.లీ. రక్తం ఉండాలి. పలచబడకపోతే రక్తంలోని రోగనిరోధక పదార్థాలు, అప్పటికే ఉన్న మందు బాక్టీరియాను పెరగనివ్వవు. రోజూ సీసాను వెలుతురుకు ఎదురుగా పట్టి మసక, బుడగలు, రక్తం విరగడం చూడాలి. ఏమీ కనబడకపోయినా 18 నుంచి 24 గంటల మధ్య ఒకసారి, 48 గంటలప్పుడు ఒకసారి, ఏడో రోజున చివరిసారి ప్లేటు మీద గీయాలి. ఇంకొక మాట, నమూనాలు తెచ్చే వాహనంలో రెండు పెట్టెలు ఉండాలి. మూత్రం రెండు గంటలు దాటేట్టుంటే ఐసు పెట్టెలో రావాలి. రక్తం కల్చర్ సీసాలు, వెన్నుపాము నీరు గది వేడిలోనే రావాలి. అన్నీ ఒకే ఐసు పెట్టెలో వేస్తే మెనింజైటిస్ తెచ్చే మెనింగోకాకస్, హీమోఫిలస్ దారిలోనే చచ్చిపోతాయి.

ఇక గొర్రె రక్తం. బాక్టీరియాను పెంచే జెల్లీ పేరు అగార్. బ్లడ్ అగార్‌లో 5 శాతం డీఫైబ్రినేటెడ్ (గడ్డకట్టించే ఫైబ్రిన్ తీసేసిన) గొర్రె రక్తం ఉండాలి. అది దొరక్క, బ్లడ్ బ్యాంకులో గడువు తీరిన మనిషి రక్తం కలిపే అలవాటు మన దేశంలోనే కాదు, ఆఫ్రికా, ఆసియా దేశాల్లో చాలా చోట్ల ఉంది. ఆ సంచిలో సిట్రేట్, గ్లూకోజ్ ఉంటాయి. ఇచ్చిన మనిషి రక్తంలోని యాంటీబాడీలు ఉంటాయి. ఆ మనిషి మందులు వాడి ఉంటే వాటి అవశేషాలూ ఉండొచ్చు. న్యుమోకాకస్ సరిగా పెరగదు, స్ట్రెప్టోకాకస్‌ల చుట్టూ హీమోలిసిస్ (రక్తకణాలు కరగడం) స్పష్టంగా కనబడదు. స్ట్రెప్టోకాకస్‌కు పేరు పెట్టే మొదటి మెట్టే హీమోలిసిస్. ఆ మెట్టు జారితే పైన చేసే పరీక్షలన్నీ దారి తప్పుతాయి. పైగా టెక్నీషియన్‌కు రక్తం ద్వారా సోకే జబ్బుల ముప్పు ఉంటుంది.

పరిష్కారం కష్టమేమీ కాదు. వారానికి 100 ప్లేట్లు పోసే ల్యాబుకు, ప్లేటుకు 20 మి.లీ. లెక్కన 2 లీటర్ల మీడియం అవుతుంది. దానికి కావలసిన గొర్రె రక్తం 100 మి.లీ. మాత్రమే. రాజేంద్రనగర్‌లో, తిరుపతిలో పశువైద్య కళాశాలలున్నాయి. ఆరోగ్యంగా ఉన్న, మందులు వాడని గొర్రెల మెడ సిర నుంచి శుభ్రంగా రక్తం తీసి, గాజు పూసలున్న స్టెరైల్ ఫ్లాస్కులో పది నిమిషాలు తిప్పితే ఫైబ్రిన్ పూసలకు అంటుకుంటుంది, రక్తం గడ్డకట్టదు. ఫ్రిజ్‌లో పెట్టి రెండు వారాల లోపు వాడుకోవాలి. అక్కడి నుంచి వారానికోసారి చల్లని పెట్టెలో జిల్లాలకు పంపే ఏర్పాటుకు వైద్య ఆరోగ్య, పశుసంవర్ధక శాఖల మధ్య ఒక ఒప్పందం చాలు. ల్యాబులో అగార్ 45 నుంచి 50 డిగ్రీలకు చల్లారాక రక్తం కలపాలి. అంతకంటే వేడిగా ఉంటే కణాలు పగిలి ప్లేటు చాక్లెట్ రంగుకు తిరుగుతుంది. చాక్లెట్ అగార్ కావాలనే చేసేటప్పుడు 70 నుంచి 80 డిగ్రీల దగ్గర కలుపుతాం. హీమోఫిలస్‌కు అది తప్పనిసరి, గొర్రె బ్లడ్ అగార్ మీద అది పెరగదు.

పేరు తప్పడం వల్ల మన ప్రాంతంలో ఎక్కువ నష్టం జరిగేది మెలియాయిడోసిస్‌లో. 2025 సెప్టెంబరులో గుంటూరు జిల్లా తురకపాలెం మరణాల వార్తల్లో ఈ జబ్బు అనుమానం వచ్చినప్పుడు చాలామంది ఆ పేరు మొదటిసారి విన్నారు. జబ్బు మాత్రం కొత్తది కాదు. 1911లో రంగూన్‌లో విట్‌మోర్ దీన్ని గుర్తించాడు. దీన్ని తెచ్చే బర్ఖోల్డేరియా సూడోమాల్లై తడి మట్టిలో, వరి పొలాల నీళ్లలో బతుకుతుంది. వానాకాలంలో, పొలం పని చేసేవాళ్లలో, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లలో బయటపడుతుంది. ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 1,65,000 మందికి సోకి 89,000 మంది చనిపోతున్నారని 2016లో ప్రచురితమైన అంచనా. వరి పండించే, మధుమేహం ఎక్కువగా ఉన్న మన జిల్లాల్లో కేసులు అరుదని నమ్మడానికి ఆధారం లేదు. పరీక్ష సరిగా జరగని చోట అరుదుగానే కనబడుతుంది.

ల్యాబులో ఇది ఎలా తప్పిపోతుందో వివరంగా చెప్పాలి. మొదటి రోజు బ్లడ్ అగార్ మీద చిన్న, నున్నని కాలనీలు వస్తాయి, ఏ ప్రత్యేకతా ఉండదు. ముడతలు పడి, ఎండినట్లు కనబడటానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. 24 గంటలకే ప్లేటు పారేసే ల్యాబుకు ఆ ముడతలు ఎప్పటికీ కనబడవు. పరీక్షల్లో ఇది గ్రామ్ నెగటివ్ కడ్డీ (గ్రామ్ రంగులో ఎర్రగా కనబడే కడ్డీ ఆకారం), ఆక్సిడేజ్ పాజిటివ్, గ్లూకోజ్‌ను ఫెర్మెంట్ చేయదు. ఇంతవరకు చూసి 'సూడోమోనాస్ జాతి' అని రాసేస్తారు. ఇంకొన్ని చోట్ల గొంతు, కఫం నమూనాల్లో వస్తే కలుషితం అనుకుని వదిలేస్తారు. ఆటోమేటెడ్ యంత్రం ఉన్నా గండం తప్పదు. వైటెక్ 2 అనే యంత్రం కొన్నిసార్లు దీన్ని బర్ఖోల్డేరియా సెపాషియా అని చూపిస్తుంది. బాక్టీరియా ప్రోటీన్లను బట్టి పేరు చెప్పే మాల్డి-టాఫ్ యంత్రం డేటాబేస్‌లో సరైన నమూనాలు లేకపోతే దగ్గరి బంధువైన థాయ్‌లాండెన్సిస్ పేరు ఇస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి మూడు డిస్కులు చాలు. ఆక్సిడేజ్ పాజిటివ్ గ్రామ్ నెగటివ్ కడ్డీ ఏది వచ్చినా జెంటామైసిన్, కొలిస్టిన్ లేదా పాలిమిక్సిన్ బి, అమాక్సిసిలిన్-క్లావులనేట్ డిస్కులు పెట్టండి. మొదటి రెండింటి చుట్టూ జోన్ లేకుండా, మూడోదాని చుట్టూ జోన్ వస్తే అది సూడోమాల్లై అనుకోవాల్సిందే. మామూలు సూడోమోనాస్ ఎరుగినోసాకు ఇది సరిగ్గా తలకిందులు. అమాక్సిసిలిన్-క్లావులనేట్ దాని మీద పనిచేయదు, కొలిస్టిన్ సాధారణంగా పనిచేస్తుంది. ఆ తర్వాత లేటెక్స్ అగ్లుటినేషన్ (గుంపుగా అతుక్కోవడం) కిట్టుతోనో, రిఫరెన్సు ల్యాబులో పీసీఆర్‌తోనో ఖరారు చేసుకోవచ్చు. చీము, కఫం లాంటి నమూనాలకు దీనికోసమే చేసే ఆష్‌డౌన్ అగార్ వాడి ఏడు రోజులు ఉంచాలి. అనుమానం వచ్చిన క్షణం నుంచి పని బయోసేఫ్టీ క్యాబినెట్‌లోనే జరగాలి. ప్లేటు మూత తీసి వాసన చూసే పాత అలవాటు పూర్తిగా మానుకోవాలి.

ఇంత గట్టిగా అడగడానికి కారణం చికిత్స. మెలియాయిడోసిస్‌కు సెఫ్టాజిడిమ్ గానీ మెరోపెనెమ్ గానీ కనీసం రెండు వారాలు నరానికి ఇచ్చి, తర్వాత కో-ట్రైమోక్సజోల్ కనీసం మూడు నెలలు మింగించాలి. సూడోమోనాస్ అని రిపోర్టు వెళ్తే వారం పది రోజుల్లో మందు ఆపేస్తారు, జబ్బు తిరగబెడుతుంది. కల్చరే చేయకపోతే సెఫ్ట్రియాక్సోన్ ఇస్తారు, దాంతో మరణాలు ఎక్కువ. ఊపిరితిత్తుల్లో నీడ కనబడితే క్షయ అనుకుని నెలల తరబడి టీబీ మందులు వాడిస్తారు. కాలేయంలో, ప్లీహంలో చీముగడ్డలున్న షుగర్ రోగికి చేసే పరీక్షల్లో ఈ మూడు డిస్కుల పరీక్షను రెండు రాష్ట్రాల్లోనూ ఉత్తర్వు ద్వారా తప్పనిసరి చేయండి.

టైఫాయిడ్ విషయానికొస్తే, వీధివీధిలో చేసే వైడాల్ పరీక్ష (రక్తంలో యాంటీబాడీలు చూసేది) ఒక్కసారి చూసి జబ్బు తేల్చడం సరికాదు. కల్చర్‌లో వచ్చినప్పుడు పేరు పెట్టడంలో కూడా ఉచ్చులున్నాయి. టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా టైఫీ టీఎస్ఐ (చక్కెరలు, ఇనుము కలిపిన మీడియం) ట్యూబులో పైన ఎర్రగా, అడుగున పసుపుగా, గ్యాసు లేకుండా, గుచ్చిన చోట సన్నని నల్ల చారతో కనబడుతుంది. పారాటైఫీ ఎ అయితే గ్యాసు ఉంటుంది, నలుపు ఉండదు లేదా బాగా తక్కువ, లైసిన్ పరీక్ష నెగటివ్. టీఎస్ఐని 18 గంటల లోపు చూస్తే పైభాగం ఇంకా పసుపుగానే ఉండి ఇ.కోలై అనిపిస్తుంది. 24 గంటలు దాటితే మళ్లీ రంగు మారుతుంది. మూత బిగించేస్తే గాలి ఆడక రంగు తప్పు వస్తుంది. టైఫీకి ఓ9 సీరంతో అగ్లుటినేషన్ రాకపోతే వెంటనే 'కాదు' అనకూడదు. వై యాంటిజెన్ అనే పొర పైన కప్పి ఉండొచ్చు. ఆ సస్పెన్షన్‌ను మరిగే నీటిలో 20 నిమిషాలు ఉంచి చల్లార్చి మళ్లీ చూడాలి. వై సీరంతో అగ్లుటినేషన్ వచ్చినంత మాత్రాన టైఫీ అనీ రాయకూడదు, సిట్రోబాక్టర్ ఫ్రూండీలో కొన్నింటికి అదే వై ఉంటుంది. బయోకెమికల్స్, సీరం రెండూ కలిసి రావాలి. సెన్సిటివిటీలో సిప్రోఫ్లాక్సాసిన్ డిస్కు కంటే 5 మైక్రోగ్రాముల పెఫ్లాక్సాసిన్ డిస్కు నమ్మదగ్గది, 24 మి.మీ. కంటే తక్కువ వస్తే రెసిస్టెంట్. జెంటామైసిన్, అమికాసిన్ జోన్లు ఎంత పెద్దగా వచ్చినా టైఫీకి 'సెన్సిటివ్' అని రాయకూడదు. కణం లోపల దాక్కునే బాక్టీరియా మీద ఆ మందులు పనిచేయవు.

స్టాఫ్ ఆరియస్‌కు ట్యూబ్ కోయాగులేజ్ చేయాలి. దానికి ఈడీటీఏ కలిపిన కుందేలు ప్లాస్మా కావాలి. సిట్రేట్ ప్లాస్మా అయితే ఎంటిరోకాకస్ లాంటివి సిట్రేట్‌ను తినేసి గడ్డకట్టినట్లు చూపిస్తాయి. పెట్టిన నాలుగు గంటలప్పుడు తప్పక చూడాలి. కొన్ని స్ట్రెయిన్లు కట్టిన గడ్డను తెల్లారేసరికి తామే కరిగించేస్తాయి. మెథిసిలిన్ రెసిస్టెన్సుకు సెఫాక్సిటిన్ 30 మైక్రోగ్రాముల డిస్కు వాడాలి, 21 మి.మీ. లేదా తక్కువైతే మెథిసిలిన్‌కు లొంగని రకం, అంటే ఎంఆర్‌ఎస్‌ఏ. స్టాఫ్‌కు వాంకోమైసిన్ డిస్కు మాత్రం పెట్టనే కూడదు. ఆ డిస్కు మంచిదాన్నీ చెడ్డదాన్నీ విడదీయలేదు, ఎంఐసీ (పెరుగుదలను ఆపే కనీస మోతాదు) చేయాల్సిందే.

కొలిస్టిన్‌కూ డిస్కు జోన్ చూసి మందు రాయడానికి వీల్లేదు, ఆ మందు అగార్‌లో సరిగా పాకదు. పైన చెప్పిన మూడు డిస్కుల పరీక్ష పేరు పట్టుకోవడానికే. ఎంటిరోబాక్టీరియాకు, సూడోమోనాస్ ఎరుగినోసాకు డిస్కులతోనే చేసే వేరే పద్ధతి ఉంది. నాలుగు గాజు ట్యూబుల్లో 10 మి.లీ. చొప్పున కాటయాన్లు (కాల్షియం, మెగ్నీషియం) సరిచేసిన ముల్లర్ హింటన్ బ్రాత్ పోసి, వరసగా 0, 1, 2, 4 కొలిస్టిన్ 10 మైక్రోగ్రాముల డిస్కులు వేయాలి. అరగంట ఆగితే మందు బ్రాత్‌లోకి దిగుతుంది. తర్వాత ఒక్కో ట్యూబుకు 50 మైక్రోలీటర్ల బాక్టీరియా సస్పెన్షన్ కలిపి 16 నుంచి 20 గంటలు ఉంచి ఏ ట్యూబు దాకా మసకేసిందో చూడాలి. కొత్త యంత్రం అక్కర్లేదు.

పేరునూ సెన్సిటివిటీనీ ఒకదానితో ఒకటి సరిచూసుకోవడం ప్రతి ల్యాబూ చేయగల పని. కొన్ని బాక్టీరియా కొన్ని మందులకు సహజంగానే లొంగవు. క్లెబ్సియెల్లాకు ఆంపిసిలిన్ సెన్సిటివ్ వచ్చిందంటే పేరు తప్పు, లేదా ప్లేటులో రెండు రకాలు కలిశాయి. ప్రోటియస్‌కు కొలిస్టిన్, ఎంటిరోకాకస్‌కు సెఫలోస్పోరిన్లు, స్టెనోట్రోఫోమోనాస్‌కు మెరోపెనెమ్ సెన్సిటివ్ అని వస్తే ఆ రిపోర్టు బయటికి వెళ్లకూడదు. ఉచితంగా దొరికే వోనెట్ (WHONET) అనే ల్యాబు సాఫ్ట్‌వేరులో ఫలితాలు ఎక్కిస్తే ఇలాంటివాటిని అదే పట్టిస్తుంది. దానికి ఒక కంప్యూటరు, ఒక డేటా ఆపరేటరు చాలు.

ఇంకా కొన్ని సరుకుల గురించి. ఆక్సిడేజ్ ద్రావణం గాలి తగిలితే దానంతటదే ఊదా రంగుకు తిరుగుతుంది, అందుకే పెద్ద సీసా కొనడం దండగ, చిన్న మోతాదులు కావాలి. నిక్రోమ్ లోహపు తీగ లూప్‌తో చేస్తే తప్పుగా పాజిటివ్ వస్తుంది, చెక్క పుల్ల వాడాలి. మెకాంకీ ప్లేటు మీది కాలనీతో చేయకూడదు, 10 సెకన్ల తర్వాత వచ్చే రంగును లెక్కలోకి తీసుకోకూడదు. డిస్కుల నిల్వ మైనస్ 20 డిగ్రీల్లో ఉండాలి. సరఫరాదారు వాటిని మే నెల ఎండలో మామూలు పార్సిల్‌లో పంపితే ఇమిపెనెమ్, క్లావులనేట్ దారిలోనే బలం కోల్పోతాయి. ఆ డిస్కుతో మందుకు లొంగే బాక్టీరియా కూడా లొంగనట్లు కనబడుతుంది, డాక్టరు ఇంకా పెద్ద మందుకు వెళ్తాడు. కాబట్టి టెండరు షరతుల్లో చల్లని రవాణా, పెట్టెలో వేడిని నమోదు చేసే పరికరం, చేరేనాటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండటం రాయండి. ల్యాబులో కార్ట్రిడ్జ్ ఫ్రిజ్ నుంచి తీసిన వెంటనే తెరవకూడదు, గది వేడికి వచ్చేదాకా గంటైనా ఆగాలి. లేకపోతే తేమ పడుతుంది.

డిస్కు పరీక్షకు వాడే ముల్లర్ హింటన్ అగార్ 4 మి.మీ. మందం ఉండాలి, అంటే 90 మి.మీ. ప్లేటుకు సుమారు 25 మి.లీ. పొదుపు కోసం పలచగా పోస్తే జోన్లు పెద్దవై, పనిచేయని మందు పనిచేస్తుందని రిపోర్టు వెళ్తుంది. బాక్టీరియా సస్పెన్షన్ మసక 0.5 మెక్‌ఫార్లండ్ ఉండాలి, కలిపిన 15 నిమిషాల్లో ప్లేటు మీద రాయాలి. కంటి అంచనా మనిషికొక రకం, అందుకని చిన్న డెన్సిటోమీటరు కొనివ్వండి. ఇవన్నీ సరిగా జరుగుతున్నాయో లేదో చెప్పేవి ప్రామాణిక స్ట్రెయిన్లు. ఇ.కోలై ఏటీసీసీ 25922కు జెంటామైసిన్ జోన్ 19 నుంచి 26 మి.మీ. మధ్య రాకపోతే ఆ రోజు రోగుల జెంటామైసిన్ ఫలితాలు ఆపాలి. చండీగఢ్‌లోని ఎంటీసీసీ లాంటి జాతీయ సేకరణల నుంచి స్ట్రెయిన్లు తెప్పించుకోవచ్చు. గ్లిసరాల్‌లో దాచి వారానికోసారి వాడాలి, మళ్లీ మళ్లీ సబ్‌కల్చర్ చేస్తూ పోతే వాటి గుణం మారుతుంది.

ఇన్‌క్యుబేటర్ గురించి కొనుగోలు అధికారులకు ప్రత్యేకంగా చెప్పాలి. మామూలు ఇన్‌క్యుబేటర్ వేడి చేయగలదు, చల్లబరచలేదు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో గది 42 డిగ్రీలుంటే లోపల 35 డిగ్రీలు ఉంచడం దానివల్ల కాదు. ఆ గదికి ఏసీ, లేదా చల్లబరిచే బీఓడీ ఇన్‌క్యుబేటర్ కావాలి. దానికి జనరేటర్ లైనుతో కనెక్షన్ కావాలి. ఆపరేషన్ థియేటరుకు ఉన్న లైను ల్యాబుకు ఎందుకు ఉండకూడదు?

యంత్రాలకు మేం వ్యతిరేకం కాదు. మాల్డి-టాఫ్ శుద్ధమైన కాలనీకి నిమిషాల్లో పేరు చెబుతుంది, ఒక్కో పరీక్షకు ఖర్చూ తక్కువే. కానీ కాలనీ శుద్ధంగా పెరగాలంటే మంచి ప్లేటు కావాలి, ఇ.కోలైని షిగెల్లా నుంచి అది సరిగా విడదీయలేదు, సెన్సిటివిటీ చెప్పదు. ప్రతి జిల్లాకూ ఒకటి అవసరం లేదు. బోధనాసుపత్రుల్లో రెండు మూడు పెట్టి, జిల్లా ల్యాబుల నుంచి అనుమానపు స్ట్రెయిన్లు అక్కడికి వెళ్లే దారి వేయండి. ఏ యంత్రం కొన్నా ఐదేళ్ల నిర్వహణ, రియేజెంట్ల ధర టెండరులోనే కలిపి అడగండి.

మనుషుల విషయం చివర రాస్తున్నా చివరిది కాదు. కల్చర్ పని నేర్చుకున్న టెక్నీషియన్‌ను ఆరు నెలలకే వేరే విభాగానికి మార్చకండి. ఆదివారం, పండగ రోజు కూడా ప్లేట్లు చదివే మనిషి డ్యూటీలో ఉండాలి. ప్రతి ల్యాబునూ బయటి నాణ్యతా పరీక్షలో చేర్చండి. పేరు తెలియని స్ట్రెయిన్లు పంపి గుర్తించమనే ఈ పథకాన్ని భారత మెడికల్ మైక్రోబయాలజిస్టుల సంఘం నడుపుతోంది. అందులో వచ్చిన తప్పులకు మెమోలు ఇవ్వొద్దు. మెమోకు భయపడి పక్క ల్యాబును అడిగి జవాబు రాస్తే ఆ పరీక్ష వల్ల ఉపయోగం ఉండదు.

మెలియాయిడోసిస్ తొలకరితో పెరుగుతుంది. కాబట్టి గొర్రె రక్తం ఒప్పందం, మూడు డిస్కుల ఉత్తర్వు, ప్రామాణిక స్ట్రెయిన్ల ఇండెంటు ఈ మూడూ జూన్‌కు ముందే పూర్తి చేయమని కోరుతున్నాం. ఏ సరుకు ఎంత కావాలో ల్యాబు వారీగా పట్టిక తయారు చేయమంటే ఆ పని మేమే చేసిపెడతాం.

ఇట్లు,
ప్రభుత్వాసుపత్రుల మైక్రోబయాలజిస్టులు, ల్యాబ్ టెక్నీషియన్లు